తృటిలో తప్పిపోయిన ప్లంబరు

ఆ రోజుకి సేఫ్టీ ఆఫీసరు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఏడింటికి ఇంట్లోంచి బయలుదేరాలి. ఎనిమిదింటికి పనివాళ్ళందరితో ఓ పది నిమిషాలు మాట్లాడాలి. పదింటికి ఆడిటరు రాగానే పదకొండు ఫైళ్ళూ వరసగా ఆయన ముందు పెట్టాలి. సాయంత్రం ఇంటికొచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా కాళ్ళు చాపుకుని పడుకోవాలి.

సైట్‌లో ఆవిణ్ణి ఎదురుగా మేడమ్ అనీ, వెనక్కి తిరగ్గానే హెల్మెట్టమ్మ అనీ అంటారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. తొమ్మిదంతస్తుల భవనం లేస్తున్న ఆ చోట ఆరు నెలలుగా ఆవిడ పడని పోరు లేదు. హెల్మెట్టు లేనివాడికి టీ పోయనివ్వదు. నడుముకి బెల్టు కట్టనివాణ్ణి పరంజా ఎక్కనివ్వదు. ఆవిడ ఫోను చేస్తే, కాంక్రీటు లారీ డ్రైవరు ఇంట్లో మంచం మీద ఉన్నా సరే తల తడుముకుంటాడు.

ఆడిటరు వచ్చేది ఒక సర్టిఫికెట్టు కోసం. పని చేసే చోట మనుషుల ప్రాణాలకీ ఆరోగ్యానికీ ఒక పద్ధతి ప్రకారం కాపలా కాస్తున్నామని బయటివాళ్ళు చూసి ఇచ్చే కాగితం అది. ఆ కాగితం చేతిలో ఉంటేనే వచ్చే ఏడాది ఆస్పత్రి భవనం పని కంపెనీకి వస్తుంది. ఆ పని రాకపోతే సైట్‌లో సగంమంది ఇంకో చోటు వెతుక్కోవాలి. అందుకని హెల్మెట్టమ్మ వారం రోజులుగా నిద్రలో కూడా ఫైళ్ళు సర్దుతోంది.

ఆవిడ భర్త బళ్ళో లెక్కల మాస్టారు. పొద్దున కాఫీ తాగుతూ, బల్ల మీదున్న పదకొండో ఫైలు తెరిచి అటూ ఇటూ తిప్పాడు.

"ఇదేంటి, అట్ట తప్ప లోపలేమీ లేదు?"

"అది నియర్ మిస్ రిజిస్టరు. ప్రమాదం జరగబోయి తృటిలో తప్పిపోతే అందులో రాయాలి."

"ఒక్కటీ తప్పిపోలేదా?"

"మా సైట్‌లో అలాంటివి జరగవండీ. నూట తొంభై ఆరు రోజులు. గేటు దగ్గర బోర్డు చూశారుగా."

"చూశాను. నేనూ పాఠం అయ్యాక ఎవరికైనా డౌట్లున్నాయా అని అడుగుతుంటాను. ఒక్కడూ చెయ్యెత్తడు. పరీక్ష పెట్టినప్పుడు తెలుస్తుంది, ఎందుకెత్తలేదో."

ఆయన ఆ మాట మామూలుగానే అన్నాడు. అది మాత్రం చెప్పులో దూరిన రాయిలా ఆవిడ వెంట సైటు దాకా వచ్చింది.

ఆ బోర్డు పెట్టించింది ఆవిడే. ప్రమాదం లేకుండా రెండు వందల రోజులు గడిస్తే అందరికీ తలా ఒక స్టీలు క్యారియరు ఇస్తామని ప్రకటించిందీ ఆవిడే. క్యారియర్లు అప్పుడే వచ్చి స్టోరులో అట్టపెట్టెల్లో కూర్చున్నాయి. ఇంకా నాలుగు రోజులు.

ప్రాజెక్టు మేనేజరుని అందరూ పెద్దసారు అంటారు. రాస్తే ఉన్నట్టు, రాయకపోతే లేనట్టు అన్నది ఆయన సిద్ధాంతం. ఆవిడ ఖాళీ రిజిస్టరు చూపించి, ఇది ఆడిటరు నమ్మడని చెప్తే ఆయనకి ముందు అర్థం కాలేదు.

"శుభ్రంగా ఉందిగా అమ్మా. నమ్మకపోవడానికి ఏముంది?"

"ఎనభైమంది ఆరు నెలలు పని చేసిన చోట ఒక్క కాలూ జారలేదంటే ఎవరు నమ్ముతారు సార్?"

"అయితే ఓ నాలుగు రాసెయ్. నీ చేతిరాత ముత్యాల్లా ఉంటుంది."

"జరగనివి రాయను సార్. జరిగినవి ఉంటే అడిగి రాస్తాను."

"అడుగు. కానీ మరీ పెద్దవి అడక్కు."

ఎనిమిదింపావుకి పనివాళ్ళంతా వరసగా నిలబడ్డారు. హెల్మెట్టమ్మ చేతి మైకు అందుకుంది. దాని బ్యాటరీ కొనఊపిరితో ఉంది. పక్కన కాంక్రీటు కలిపే యంత్రాన్ని ఆపమని చెప్తే, ఆపితే లోపలిది గట్టిపడుతుందని ఎవరో అన్నారు. సరే, ఎలాగోలా అయిపోతుందనుకుని ఆవిడ మొదలుపెట్టింది. నియర్ మిస్ అంటే అర్థం కాదేమోనని ఇంటి దగ్గర్నుంచే మంచి తెలుగు వాక్యం ఒకటి కూర్చుకుని వచ్చింది. ఈ మధ్య మీలో ఎవరికైనా తృటిలో ప్రమాదం తప్పిపోయి ఉంటే భయపడకుండా చెప్పండి. ఇదీ ఆ వాక్యం.

అందులో "ప్రమాదం" అన్న మాటని మైకు మింగేసింది. "ఎవరికైనా"లో "కి"నీ, "తృటి"నీ యంత్రం నమిలేసింది. వెనక వరసకి చేరేసరికి ఆ వాక్యం, ఈ మధ్య మీలో ఎవరైనా తొట్టిలో తప్పిపోయి ఉంటే భయపడకుండా చెప్పండి, అని మిగిలింది.

"తొట్టిలో తప్పిపోయినవాడు ఎలా చెప్తాడురా?" అన్నాడు వెనక వరసలో ఒక తాపీ పనివాడు.

"అందుకే మనల్ని అడుగుతోంది" అన్నాడు పక్కవాడు.

ముందు వరసలో మాత్రం ఒక్క చెయ్యీ లేవలేదు. నూట తొంభై ఆరు మంది దేవుళ్ళ సాక్షిగా తమకేమీ తెలియదన్నట్టు అందరూ నేల చూశారు. భర్త చెప్పిన క్లాసు ఇదే కాబోలనుకుంటూ హెల్మెట్టమ్మ ఖాళీ రిజిస్టరు చంకలో పెట్టుకుని ఆఫీసు గదికి వెళ్ళిపోయింది.

ఆవిడ కుర్చీలో కూర్చునేలోపు ఆ మాట మెట్లెక్కింది. మొదటి అంతస్తులో తొట్టిలో ఎవరో పడ్డారట అయింది. మూడో అంతస్తులో, పడినవాడు ఇంకా తేలలేదట అయింది. ఆరో అంతస్తు దాటేసరికి, పోయినవాడు చాలా మంచివాడు అయింది. ఆకాశంలో కూర్చున్న క్రేను ఆపరేటరు వాకీటాకీలో, "తొట్టి దగ్గరికి కొక్కెం దింపమంటారా?" అని అడిగాడు. ఆ ప్రశ్న గేటు దగ్గర వాచ్‌మన్ చెవిన పడింది. అనుమానం వస్తే ముందు సైరను నొక్కు, తర్వాత నన్నడుగు అని హెల్మెట్టమ్మ అతనికి వందసార్లు చెప్పి ఉంది. అతను నొక్కాడు.

సైరను విని ఆవిడ బయటికి పరుగెత్తుకొచ్చేసరికి జనం బిలబిలమంటూ దిగి, ఎప్పట్లాగే టీ షెడ్డు ముందు పోగయ్యారు. నాలుగు నిమిషాల్లో దిగారు. అంత కంగారులోనూ ఆవిడ గడియారం చూసుకుని లోపల్లోపల మురిసిపోయింది.

"ఏమైంది? ఎవరు నొక్కారు?"

సెంట్రింగు మేస్త్రి ముందుకొచ్చాడు. స్లాబు పోయడానికి కింద చెక్కలూ పలకలూ బిగించే పని అతనిది. యాభై ఏళ్ళ మనిషి, మాట తక్కువ.

"మీరే చెప్పారు కదా మేడమ్, తొట్టిలో ఎవరో తప్పిపోయారని."

ఆవిడకి రెండు క్షణాలు పట్టింది. "తొట్టి కాదు మేస్త్రీ. తృటి."

"తృటి అంటే ఏంటి మేడమ్?"

"అంటే, వెంట్రుకవాసిలో."

"ఆ మాటే అనొచ్చుగా."

జనం గొల్లుమన్నారు. ఆవిడకీ నవ్వొచ్చింది. తొట్టిలో పోయిన ఆ మంచివాడి కోసం అప్పుడే కళ్ళు తుడుచుకుంటున్న ఇద్దరు కూడా నవ్వేశారు. అంతటితో కథ కంచికి వెళ్ళిపోయేదే. కానీ సైరను మోగాక అందర్నీ లెక్కపెట్టకుండా తిరిగి పనిలోకి పంపకూడదని నియమం. ఆ నియమం రాసింది ఆవిడే. ఎలాగూ మోగింది కదా, లెక్కపెట్టేద్దాం అనుకుంది.

లోపలికొచ్చే ప్రతి మనిషీ గేటు దగ్గర చెక్కకి వేలాడే ఇత్తడి బిళ్ళ ఒకటి తీసుకోవాలి, పోయేటప్పుడు తగిలించాలి. వాచ్‌మన్ ఖాళీ మేకులు లెక్కపెట్టి, ఎనభై నాలుగు అని అరిచాడు. ఆవిడ తలకాయలు లెక్కపెట్టింది. ఎనభై మూడు. మేస్త్రి లెక్కపెడితే ఎనభై రెండు వచ్చింది, తనని మరిచిపోయాడు. పెద్దసారు లెక్కపెడితే ఎనభై ఐదు వచ్చింది, ఆయన ఎవర్ని రెండుసార్లు లెక్కపెట్టాడో ఆయనకే తెలియదు. ఆవిడ మళ్ళీ ఒక్కొక్కరి భుజం తట్టి లెక్కపెట్టింది. తనతో, పెద్దసారుతో, వాచ్‌మన్‌తో, పైనుంచి దిగొచ్చిన క్రేను ఆపరేటరుతో కలిపి ఎనభై మూడు.

నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"ఎనభై నాలుగో బిళ్ళ ఎవరిది?"

"కొత్త ప్లంబరుది మేడమ్" అన్నాడు వాచ్‌మన్. "మీరు మైకులో మాట్లాడుతున్నప్పుడు వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, భుజానికి సంచీ. పైపులు చూడ్డానికేనా అన్నాను. పైపులు కూడా చూస్తాను అన్నాడు. కొత్తవాడు కదా అని హెల్మెట్టు నేనే ఇచ్చి పంపాను." అతను బిళ్ళల చెక్క వైపు చూశాడు. "లోపలికి వెళ్తూ వెళ్తూ, నీళ్ళ తొట్టి ఎక్కడుందని అడిగాడు."

 ప్లంబర్ని పంపమని పోయిన వారం కబురు చేసింది తనేనని పెద్దసారుకి గుర్తొచ్చి మొహం పాలిపోయింది.

తొట్టి భవనం వెనక భూమిలో ఉంది. పది అడుగుల లోతు. నోటి మీద మూతగా వేసిన ప్లైవుడ్ ముక్క ఓ పక్కకి జరిగి ఉంది. కింద నీళ్ళు నల్లగా, కదలకుండా ఉన్నాయి. ఆ నీళ్ళలో ఓ పసుపు హెల్మెట్టు బోర్లాపడి తేలుతోంది.

హెల్మెట్టమ్మ అంచు దాకా వెళ్ళి లోపలికి తొంగి చూసింది. పక్కన మేస్త్రి చొక్కా విప్పేసి, ఒక కాలు అంచు మీద పెట్టాడు. ఆవిడ అతని బెల్టు పట్టుకుని వెనక్కి లాగింది.

"దిగొద్దు."

"మనిషున్నాడు మేడమ్ లోపల."

"మూసి ఉన్న తొట్టి. లోపల గాలి ఎలా ఉందో తెలీదు. మీరు దిగితే ఒకరికి ఇద్దరవుతారు. పంపు పెట్టండి. రెండు పంపులూ పెట్టండి. నేను చెప్తున్నాను."

ఆవిడ అతని బెల్టు మీద పట్టు వదల్లేదు. మేస్త్రి ఆవిడ మొహంలోకి చూసి, చొక్కా తొడుక్కోకుండానే పంపు కోసం పరుగెత్తాడు. ఆంబులెన్సుకి ఫోను చేశారు. వాళ్ళు అరగంట అన్నారు.

అప్పుడు జనం మధ్యలోంచి నీళ్ళక్క వచ్చింది. కొత్తగా పోసిన స్లాబుల మీద రోజూ నీళ్ళు పట్టే మనిషి ఆవిడ. తొట్టిలోకి తొంగి చూసి నెమ్మదిగా అంది.

"ఆ హెల్మెట్టు నాది మేడమ్."

"నీదేంటి? నీ తల మీద ఉందిగా."

"ఇది స్టోర్లో అడిగి తెచ్చుకున్నది. అది పోయిన గురువారం పడిపోయింది. ఆ చెక్క మీద కాలేశాను. విరిగి ఒక కాలు నడుం దాకా దిగిపోయింది. పైపు దొరికింది కాబట్టి పట్టుకుని బయటికొచ్చాను."

"పోయిన గురువారమా? మరి నాకెందుకు చెప్పలేదు?"

నీళ్ళక్క చీర కొంగు వేలికి చుట్టుకుంది. "చెప్తే బోర్డు మీద అంకె సున్నా అవుతుందన్నారు. అందరి క్యారియర్లూ నా మూలాన పోతాయి కదా మేడమ్."

హెల్మెట్టమ్మకి ఎవరో చెంప మీద కొట్టినట్టయింది. జవాబు చెప్పడానికి సమయం లేదు. తొట్టి ఖాళీ అవడానికి ముప్పావు గంట పడుతుంది. మనిషి తొట్టిలో లేకపోతే ఇంకెక్కడో పడి ఉంటాడు. ఆవిడ జనం వైపు తిరిగింది.

"ఇక్కడ కాలు జారే చోట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో మీకే తెలుసు. బోర్డు సంగతి వదిలెయ్యండి. క్యారియర్లు ఎక్కడికీ పోవు. ఎక్కడ వెతకాలో చెప్పండి."

 ముందు మేస్త్రి పంపు గొట్టం దించుతూనే అన్నాడు.

"ఐదో అంతస్తు లిఫ్టు గుంత చూడండి మేడమ్. అడ్డంగా ఉన్న కర్ర కట్టి లేదు, ఊరికే ఆనించారు. మొన్న నేను దాన్ని పట్టుకున్నాను."

"పట్టుకుంటే?"

"కర్ర కిందికి పోయింది. నేను పోలేదు."

ఆవిడ చేతిలో కాగితం లేదు, చంకలో పొద్దున పెట్టుకున్న రిజిస్టరు అలాగే ఉంది. అది తెరిచి మొదటి పేజీలో రాసింది. ఐదో అంతస్తు, లిఫ్టు గుంత, కర్ర. ఇద్దర్ని అటు పంపింది. ఇక ఒకరి తర్వాత ఒకరు నోళ్ళు విప్పారు. రెండో అంతస్తు మెట్ల మలుపులో దీపం లేదు, తను దొర్లి ఇసక బస్తాల మీద పడ్డానని ఒకడు. కమ్మీల కట్ట గాల్లో ఉండగా తాడు పురి విప్పుకుందనీ, కింద ఎవరూ లేకపోవడం అదృష్టమనీ క్రేను ఆపరేటరు. కోత మిషను ముట్టుకుంటే జివ్వుమంటుందనీ, అందుకే చెప్పు విప్పకుండా ముట్టుకుంటున్నామనీ ఒకడు. వాళ్ళు చెప్తున్నారు, ఆవిడ రాస్తోంది. చోటు, రోజు, ఏం జరిగింది, ఎవరికి. పక్కనే, వెతికాం అని టిక్కు. తొట్టిలోంచి చిమ్మిన నీళ్ళు పేజీల మీద పడుతున్నాయి. ఆవిడ మోచేత్తో తుడుచుకుంటూ రాస్తూనే ఉంది.

సైటంతా మనుషులు పాకారు. "ప్లంబరుగారూ" అని పిలుపులు ప్రతి అంతస్తులోంచీ వినిపించాయి. పోయినవాడికి గౌరవం పెరిగిపోయింది, పొద్దున ప్లంబరు అన్నవాళ్ళంతా ఇప్పుడు గారు చేర్చారు. తొమ్మిదిన్నరకి తొట్టి అడుగు కనిపించింది. అందులో నీళ్ళక్క హెల్మెట్టు, ఎవరిదో ఎడమకాలి బూటు, దొంగలెత్తుకుపోయారని తాపీ మేస్త్రి ఒట్టు పెట్టిన, గోడ వాలు చూసే రసమట్టం దొరికాయి. మనిషి లేడు. వచ్చిన ఆంబులెన్సు డ్రైవరు బూటుని కాసేపు పరీక్షగా చూసి, ఇందులో కాలు లేదు కదా, ఏదైనా ఉంటే పిలవండి అని వెళ్ళిపోయాడు.

రిజిస్టరులో పంతొమ్మిది చోట్లు ఎక్కాయి. పంతొమ్మిదింటి పక్కనా టిక్కు పడింది. మనిషి ఎక్కడా లేడు. హెల్మెట్టమ్మ తొట్టి గట్టు మీద కూలబడింది. ముఖం ఎరగని ఆ మనిషి ఇంట్లో ఎవరెవరు ఉంటారో, వాళ్ళకి తను ఏమని చెప్పాలో అని ఆలోచిస్తోంది.

పెద్దసారు మాత్రం గడియారం చూసుకున్నాడు. పదింటికి ఇంకో పావుగంట. ఈ గోలలో ఆడిటరు వచ్చి పడితే గోరుచుట్టు మీద రోకటిపోటే. ఆయన అక్కడే నిలబడి ఆడిటరుకి ఫోను చేశాడు.

"నమస్కారం సార్. మా దగ్గర రోడ్డు తవ్వేశారు సార్, ఒక్క బండీ కదలడం లేదు. మీరు ఇంట్లోంచి ఇంకా బయలుదేరి ఉండకపోతే, మధ్యాహ్నం మీదకి పెట్టుకుంటే బాగుంటుంది."

"నేను వచ్చి గంటన్నర అయిందండీ" అంది ఫోను.

"నేను వచ్చి గంటన్నర అయిందండీ" అంది ఉత్తరం వైపు ఇసకగుట్ట కూడా, ఓ క్షణం ముందే.

పెద్దసారు ఫోను చెవి దగ్గర్నుంచి తీసి దాని వంక చూశాడు. తర్వాత ఇసకగుట్ట వంక చూశాడు. హెల్మెట్టమ్మ లేచి గుట్ట చుట్టూ పరుగెత్తింది. ఆవిడ వెనక ఎనభై రెండు మందీ పరుగెత్తారు.

గుట్ట అవతల, ఉత్తరపు గోడ పక్కన, ఆకుపచ్చ బోర్డు ఒకటి ఉంది. అపాయం వేళ అందరూ చేరవలసిన చోటు అని దాని మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. దాని కింద రెండు ఇటుకలు పేర్చుకుని, సన్నగా పొడుగ్గా ఉన్న ఓ పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో సంచీ. హెల్మెట్టు పట్టీ గడ్డం కింద బిగించి ఉంది. చేతిలో ఎనభై నాలుగో బిళ్ళ.

"ఈయనే మేడమ్ ప్లంబరు" అన్నాడు వాచ్‌మన్, పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టు.

"ఆడిటరుగారు" అన్నాడు పెద్దసారు, ఉన్న ప్రాణం పోయినట్టు.

పిల్లని చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టయిందే అని నీళ్ళక్క నోటి మీద చెయ్యేసుకుంది. ఆడిటరు లేచి ప్యాంటుకంటిన ఇసక దులుపుకున్నాడు.

"కొంచెం ముందొస్తే మామూలు పని చూడొచ్చని వచ్చాను. సైరను మోగింది. గేటు దగ్గర మీ పటంలో, సైరను మోగితే ఇక్కడికి రావాలనీ, లెక్కపెట్టేదాకా కదలకూడదనీ ఉంది. వచ్చాను. ఎవరూ లెక్కపెట్టలేదు. అందుకని కదల్లేదు."

ఆ పటం మీద సంతకం హెల్మెట్టమ్మది. బోర్డు పాతించిందీ ఆవిడే. దాని ముందు ఇసకగుట్ట లేచి నాలుగు నెలలైంది. సైరను మోగినప్పుడల్లా జనం టీ షెడ్డుకే పోతున్నారు, ఆవిడా వాళ్ళ వెనకే పోతోంది.

"మేం అంతలా అరుస్తుంటే మీకు వినిపించలేదా సార్?" అని మేస్త్రి ఉండబట్టలేక అడిగాడు.

"వినిపించింది. ప్లంబరు కోసం వెతుకుతున్నారని అర్థమైంది. నేను ప్లంబర్ని కాదు కదా." ఆయన గుట్ట అవతలికి తొంగి చూశాడు. "పాపం దొరికాడా?"

 పెద్దసారు మొహంలో అప్పుడే ఒక వెలుగు పుట్టింది. ఈ మాత్రం అవకాశం దొరికితే ఆయన వదిలే మనిషి కాదు.

"ఇదంతా మాక్ డ్రిల్లు సార్. మీకు చూపిద్దామని మేమే ఏర్పాటు చేశాం. మనిషి తప్పిపోతే ఎలా వెతుకుతామో, తొట్టి ఎలా తోడతామో. ఏమ్మా?"

అందరూ హెల్మెట్టమ్మ వైపు చూశారు. అవును సార్ అంటే చాలు. సర్టిఫికెట్టు వస్తుంది, ఆస్పత్రి పని వస్తుంది, పెద్దసారు సంతోషిస్తాడు. ఆవిడ ఆ మాట అనడానికి నోరు కూడా తెరిచింది. ఎదురుగా నీళ్ళక్క నిలబడి ఉంది, కొంగు ఇంకా వేలికి చుట్టుకునే ఉంది.

"డ్రిల్లు కాదు సార్" అంది. "నిజంగానే మనిషి పోయాడనుకున్నాం. మిమ్మల్నే వెతికాం. ఈ బోర్డు దగ్గరికి ఎవరూ రారన్న సంగతి నాకే ఇప్పుడు తెలిసింది. తొట్టికి సరైన మూత లేదు, అదీ ఇవాళే తెలిసింది."

పెద్దసారు కళ్ళు మూసుకున్నాడు. ఆడిటరు ఆవిడ చేతిలో రిజిస్టరు అడిగి తీసుకున్నాడు. పేజీలు తడిసి అతుక్కుపోయాయి. ఒక్కొక్కటీ విడదీసుకుంటూ నిలబడే చదివాడు. లిఫ్టు గుంత దగ్గర ఆగాడు. తాడు దగ్గర ఇంకొంచెంసేపు ఆగాడు.

"తేదీలు చూస్తే నాలుగైదు నెలలవి. రాసిందంతా ఒకే సిరా."

"ఇవాళే రాశాను సార్, ఈ గంటలో. అంతకుముందు ఈ రిజిస్టరు ఖాళీ. వీళ్ళు నాకు చెప్పలేదు, చెప్పకుండా చేసింది నేనే. అంకె పెరిగితే క్యారియర్లు ఇస్తామన్నాను. మనిషి ప్రాణం మీదకి వచ్చిందనుకున్నాకే నోరు విప్పారు."

"ముత్యాల్లాంటి రాత కాదు" అన్నాడు ఆయన.

"కాదు సార్."

"ఇరవై రెండేళ్ళుగా ఈ రిజిస్టర్లు చూస్తున్నాను. అన్నీ ముత్యాల్లాంటి రాతలే. తడిసినది ఇదే మొదటిసారి." ఆయన రిజిస్టరు మూసి ఆవిడకి ఇచ్చాడు. "పదండి. ఈ పంతొమ్మిది చోట్లూ చూపించండి."

సాయంత్రం నాలుగింటి దాకా చూశాడు. తొట్టికి ఇనప మూత పడేదాకా అటువైపు పని ఆపించాడు. క్రేను తాడు అప్పటికప్పుడు మార్పించాడు. వెళ్ళేముందు ఆఫీసు గదిలో కూర్చుని నివేదిక చదివి వినిపించాడు. మొదటి వాక్యం వినగానే పెద్దసారు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. సైరను మోగినప్పుడు నిర్ణీత స్థలంలో హాజరైనవారు ఒకరు, తప్పిపోయినవారు ఎనభై ముగ్గురు, అని ఉంది అందులో. సర్టిఫికెట్టు ఇప్పుడు ఇవ్వడం కుదరదనీ, నెల రోజుల్లో అన్నీ సరిచేస్తే మళ్ళీ వస్తాననీ అన్నాడు. చివర్లో ఇంకో వాక్యం కూడా ఉంది. ఇక్కడి పనివారు నిజం చెప్తున్నారు, ఇక్కడి అధికారి రాసుకుంటోంది, ఈ రెండూ నేర్పడానికి చాలా సంస్థలకి ఏళ్ళు పడుతుంది.

ఆ రాత్రి ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియక హెల్మెట్టమ్మకి కాళ్ళు చాపుకున్నా నిద్ర పట్టలేదు. ఊడలేదు. తెల్లారి ఆవిడ చేసిన మొదటి పని, గేటు దగ్గర అంకెల బోర్డు పీకించడం. రెండో పని, స్టోర్లో క్యారియర్లన్నీ పంచేయడం. ఆ పంతొమ్మిది చోట్లూ చెప్పినవాళ్ళకి ముందు, మిగిలినవాళ్ళకి తర్వాత. దేనికి ఇస్తున్నారని ఒకడు అడిగితే, నోరు విప్పినందుకు అని చెప్పింది. దానికతను, తను ఇంకా విప్పలేదనీ, ఏడో అంతస్తులో ఒక సంగతి ఉందనీ అన్నాడు.

నెల తిరిగేసరికి ఆడిటరు మళ్ళీ వచ్చి చూసి వెళ్ళాడు, ఆ వారంలోనే సర్టిఫికెట్టు వచ్చింది. ఆస్పత్రి పని కూడా ఖాయమైంది. ఈ మధ్యలో తేలనిది ఒక్కటే మిగిలింది, సైరను మోగితే జనం చేరే చోటు. ఎనభై ముగ్గుర్ని టీ వాసన నుంచి మళ్ళించడం కంటే ఆకుపచ్చ బోర్డునే టీ షెడ్డు దగ్గర పాతడం తేలికని మేస్త్రి తేల్చాడు. పెద్దసారు దగ్గరుండి పాతిస్తానన్నాడు. గుంత తవ్వుతున్నవాడి చేతిలోంచి గునపం ఒక్కసారి జారి ఆయన బూటుకి బెత్తెడు ఇవతల దిగబడింది. ఆయన చెమట తుడుచుకుని ఆఫీసు గదిలోకి వెళ్ళి, ఎవరూ అడక్కుండానే రిజిస్టరు తెరిచి, తనకి జరిగింది రాసి సంతకం చేశాడు. అయితే పేరు రాయాల్సిన చోట "ఒక ప్లంబరు" అని పెట్టాడు.